అండాలమ్మ గొంతు లెక్క

అండాలమ్మకు పద్నాలుగు నెలలుగా గొంతులో ఏదో అడ్డం పడ్డట్టే ఉంటోంది. జ్వరం లేదు, నొప్పి లేదు, కఫం తెగిపడేదీ లేదు. ఊరికే ‘ఖ్హు... ఖ్హు’ అని సవరించుకోవాలి, అంతే. సవరించుకుంటే రెండు నిమిషాలు హాయి. మూడో నిమిషానికి మళ్లీ ఆ గరగర.

ఇదే ఏ ఫైళ్ల ఆఫీసులోనో పని చేసే మనిషికి వస్తే ఎవరికీ పట్టేది కాదు. అండాలమ్మ పని గొంతుతో. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, మెట్రో పిల్లర్లకు ఎదురుగా ఉన్న రామమోహనరావు గారి చీరల షాపులో పెళ్లిపట్టు చూపించేది ఆమే. పెళ్లిపట్టు పరుపంటే ఏమిటో చీరల షాపులో పని చెయ్యని వాళ్లకు తెలియదు కాబట్టి చెప్పాలి. గుమ్మం దగ్గర రోజూ కట్టుకునే చీరలు ఉంటాయి. వాటిని నిలబడి చూపిస్తారు, కొనేవాళ్లూ నిలబడే కొంటారు. లోపలికి పోయేకొద్దీ చీర బరువు పెరుగుతుంది, దాన్ని చూపించే మనిషి పరువూ పెరుగుతుంది. అన్నిటికీ లోపల, లక్ష్మీదేవి పటం కింద, తెల్ల దుప్పటి పరిచిన పరుపు. నకిరేకల్ దగ్గరి పల్లె నుంచి వచ్చి, గుట్టలుగా పడ్డ చీరలు మడతలు పెట్టే పనిలో చేరిన అండాలమ్మకు ఆ పరుపు మీద కూర్చోవడానికి పదకొండేళ్లు పట్టింది. కూర్చుని ఎనిమిదేళ్లయింది. ఆ చోటంటే ఆమెకు ప్రాణం. ఆ మాట దాచుకోవలసిన అవసరం ఆమెకూ లేదు, మనకూ లేదు.

గొంతు పాడైందంటే చాలు, ఈ ఊళ్లో ప్రతివాడూ వైద్యుడే. టైలరు శొంఠి అన్నాడు. క్యాషియరు కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోమన్నాడు. పక్కింటావిడ మిరియాల పాలంది. ఎదురింటావిడ పాలు ముట్టుకోవద్దంది. అండాలమ్మ అందరి మాటా విని అన్నీ మింగింది. మెడికల్ షాపువాడు ముక్కులో కొట్టుకునే స్ప్రే ఇస్తే రెండు రోజులు కొట్టుకుని, ఏమీ తేడా లేదని అల్మరాలో పడేసింది. గొంతు మాత్రం గొంతులాగే ఉంది.

చివరికి రామమోహనరావు గారు ఒక నిర్ణయానికి వచ్చారు. ఇది దిష్టి అన్నారు. ఆయనది తెనాలి వైపు. చెడ్డమనిషి కాదు, కానీ తనకు తోచిందే వేదం అనుకునే రకం. ఉదయం పది గంటలకు షాపు తీయగానే ఇత్తడి ధూపపు గిన్నెలో కొబ్బరి పీచు నిప్పులు చేసి, పిడికెడు సాంబ్రాణి వేసి, లక్ష్మీదేవికి చూపించి, షాపంతా తిప్పడం ఆయనకు తండ్రి దగ్గర నుంచి వచ్చిన ఆచారం. ఆ పని ఇంకొకరికి ఇవ్వరు. తన షాపులో అందరికన్నా బాగా అమ్మే మనిషి మీద ఎవరి కన్నో పడిందని రూఢి చేసుకున్నాక, అండాలమ్మ పరుపు చుట్టూ మూడు చుట్లు ఎక్కువ తిప్పడం మొదలుపెట్టారు. అప్పటికీ తగ్గకపోతే అయిదు చుట్లు చేశారు. పొగలో కూర్చుని అండాలమ్మ చేతులు జోడించేది. జోడించిన చేతులు దించకముందే ‘ఖ్హు’ అనేది. చూశావా, దిష్టి బయటికి వస్తోంది అని ఆయన సంతోషించేవారు.

జ్యేష్ఠంలో ఒక రోజు వనస్థలిపురం నుంచి పెళ్లివారు వచ్చారు. మూడు గంటల సేపు అరవై చీరలు విప్పించి, ఆఖరికి ఆకుపచ్చ అంచున్న ఎర్ర చీర దగ్గర అందరి కళ్లూ కలిశాయి. పెళ్లికూతురి నానమ్మ దాని మీద చెయ్యి వేసి, ఇదే ఖాయం చేద్దామా అంది. సరిగ్గా ఆ క్షణంలో అండాలమ్మ గొంతు సవరించుకుంది. ఎంత ఆపుకుందో ఆమెకే తెలుసు. నానమ్మ చెయ్యి వెనక్కి తీసేసుకుంది. తుమ్మయితేనేం, ఇదయితేనేం, మంచి మాట అనగానే అడ్డం వచ్చింది కదా అంది. పెళ్లికూతురేమో కరోనా రోజులు గుర్తొచ్చి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. లేచి వెళ్లిపోయారు. విప్పిన అరవై చీరల మధ్య అండాలమ్మ కూర్చుని ఉంది.

రామమోహనరావు గారు అరవలేదు. అరిచినా బాగుండేది. మెత్తగా, ఆషాఢం రద్దీ మొదలయ్యేలోపు గొంతు సంగతి చూసుకోమని, తగ్గకపోతే ఎల్బీనగర్ గోడౌన్లో కూర్చుని సరుకు చూసుకోమని, పరుపు మీదికి సౌజన్యను ఎక్కిస్తానని చెప్పారు. సౌజన్య కాటన్ చీరల దగ్గర ఉండే అమ్మాయి, అండాలమ్మ చేతి కింద పని నేర్చుకున్నదే. ఆ సాయంత్రం సిటీ బస్సులో కొత్తపేటలోని ఇంటి దాకా అండాలమ్మ నిలబడే వచ్చింది. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. ఏడుపు రాలేదు.

మరుసటి రోజు సెలవు పెట్టి, కొత్తపేట రైతుబజారు వెనక ఉన్న చెవి ముక్కు గొంతు డాక్టరు అరుణజ్యోతి దగ్గరికి వెళ్లింది. డాక్టరమ్మ సన్నటి గొట్టం లాంటిది ముక్కులో పెట్టి చూసింది. పుల్లటి తేన్పులు వస్తాయా, ఛాతీలో మంట ఉంటుందా, పడుకుంటే ఎక్కువవుతుందా, పొద్దున్నే తుమ్ములు వస్తాయా అని అన్నీ అడిగింది. తర్వాత చెప్పిన మాట అండాలమ్మ పద్నాలుగు నెలల్లో ఎవరి నోటా వినని మాట. తప్పు గొంతుది కాదట, ముక్కుదట. ముక్కు లోపలి పొర ఏదో పడక వాచిందట. ఆ నీరు ముందుకు రాకుండా వెనక నుంచి గొంతులోకి జారుతోందట. గొంతు దాన్ని తోసెయ్యాలని చూస్తోంది. తోసేకొద్దీ ఒరుసుకుపోయి ఇంకా గరగరలాడుతోంది. సవరించుకోవాలనిపించినప్పుడల్లా ఒక గుక్క నీళ్లు తాగి మింగెయ్యమంది. మరగబెట్టి చల్లార్చిన ఉప్పు నీళ్లతో ముక్కు కడుక్కోవడం నేర్పింది. స్ప్రే రెండు రోజుల్లో పనిచేసేది కాదని, వారాల తరబడి రోజూ వాడాలని, తల కొంచెం వంచి, మొన చెవి వైపుకి పెట్టి కొట్టుకోవాలని, గట్టిగా ఎగపీల్చకూడదని చేసి చూపించింది.

“ఏది పడట్లేదో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేనమ్మా,” అంది చివరికి. “దుమ్ము కావచ్చు, పొగ కావచ్చు, చీరల గంజి కావచ్చు. మీరే పట్టుకోవాలి. సవరించుకున్నప్పుడల్లా ఒక పుస్తకంలో గీత పెట్టండి. ఎన్ని గంటలకు, ఎక్కడ ఉండగా వచ్చిందో రాయండి. రెండు వారాల తర్వాత ఆ పుస్తకం తీసుకురండి.”

అండాలమ్మకు అయిదో క్లాసు చదువు. కానీ గీతలు పెట్టడానికి అది చాలా ఎక్కువ. అరచేతిలో పట్టే చిన్న పుస్తకం కొని జాకెట్లో దోపుకుంది. మొదటి రోజు యాభై ఎనిమిది గీతలు. అందులో నలభై దాకా పదింటికీ ఒంటిగంటకూ మధ్యే. పది గంటలకు షాపులో ఏం జరుగుతుందో చెప్పడానికి డాక్టరే కావాలా? పంతొమ్మిదేళ్లుగా ఉన్న పొగ ఇప్పుడే ఎందుకు పడట్లేదో కూడా ఆమెకు ఆ మధ్యాహ్నమే తట్టింది. రెండేళ్ల కిందటి దాకా షాపుకు షట్టర్లే ఉండేవి. తీస్తే రోడ్డంతా లోపల, లోపలంతా రోడ్డు మీద. తర్వాత ఏసీలు పెట్టించి గాజు తలుపులు బిగించారు. సాంబ్రాణి అదే, పిడికిలీ అదే. పోయే దారే లేదు.

ఆ సంగతి చెప్పి, ఒక్క వారం ధూపం ఆపి చూద్దామని ఆమె వినయంగానే అడిగింది. రామమోహనరావు గారు కొయ్యబారిపోయారు. దేవుడి పొగ మనిషికి రోగం తెస్తుందన్న మాట తన షాపులో వినవలసి వచ్చినందుకు చెంపలు వేసుకున్నారు. ఆ పాపం తనది కాదన్నట్టు మర్నాడు ఇంకో పిడికెడు ఎక్కువ వేశారు.

స్ప్రే, ఉప్పు నీళ్లు కలిసి గీతల్ని నలభై నాలుగుకి దించాయి. అంతకన్నా దిగలేదు. ఆ వారంలోనే అండాలమ్మకు ఇంకో సంగతి తెలిసింది. గీత పెట్టడం అలవాటైన చెవికి ‘ఖ్హు’ ఎక్కడ వినపడినా చెయ్యి పుస్తకం మీదికి పోతుంది. ఒక శనివారం ఒకదాని వెంట ఒకటి వినపడుతుంటే తనేమో అనుకుని గీత పెట్టబోయి ఆగింది. తను నీళ్లు మింగుతోంది. శబ్దం గల్లా దగ్గర నుంచి వస్తోంది. రామమోహనరావు గారు గొంతు సవరించుకుంటే షాపులో అందరూ నిటారుగా నిలబడతారు. ఫోను చూస్తున్నవాడు జేబులో పెట్టేసుకుంటాడు. అది అయ్యగారి హోదా అనే అనుకున్నారు తప్ప అదీ గొంతేనని ఎవరికీ తోచలేదు. అండాలమ్మ పుస్తకం తిరగేసి, చివరి పేజీ నుంచి ఆయనకూ గీతలు పెట్టడం మొదలుపెట్టింది. ఆ ఒక్కరోజే డెబ్బయి ఒకటి.

నవ్వు వచ్చింది. నవ్వుతోపాటే కోపం తన్నుకొచ్చింది. డెబ్బయి ఒకటి వాడు గల్లా దగ్గర కూర్చోవచ్చు, నలభై నాలుగుది గోడౌనుకు పోవాలి. ఇదెక్కడి న్యాయం అని ఆ కోపాన్ని నెమరు వేసుకుంటూనే ఉంది. సోమవారం ఆషాఢం డిస్కౌంటు బోర్డు కట్టారు. ఆ రోజే ఆమెను గోడౌనుకు పంపేశారు.

ఎల్బీనగర్ రింగ్ రోడ్డు దాటాక, లారీలు నిలిపే సందులో రెండో అంతస్తు ఆ గోడౌన్. ఏసీ లేదు, కిటికీలకు అద్దాలు లేవు. అట్టపెట్టెల దుమ్ము, కలరా ఉండల వాసన. మాట్లాడదామంటే పావురం కూడా వాలదు. అండాలమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని పెట్టెలు సర్దింది, కడుపు మండినప్పుడల్లా పెట్టెల్ని నాలుగు తిట్టింది. ఈ దుమ్ములో గరగర చచ్చినట్టు పెరుగుతుందని ఆమె అనుకుంది. మొదటి రోజు ముప్పై గీతలు. నాలుగో రోజు పన్నెండు. పదో రోజుకు అయిదు. సరిగ్గా లెక్కపెట్టానా లేదా అని వేళ్లు మడిచి మళ్లీ లెక్క చూసుకుంది. అయిదే.

దుమ్ములో కూర్చున్నా, పొగ లేకపోయేసరికి తగ్గింది. శిక్ష వేశాననుకున్నాయన చేతులారా పరీక్ష పెట్టాడు, ఫలితం చేతిలో పెట్టాడు. ఆ రోజు గోడౌన్ కిటికీ దగ్గర నిలబడి, కింద లారీల వాళ్లు చూస్తున్నా లెక్కచెయ్యకుండా అండాలమ్మ పెద్దగా నవ్వింది.

అదే వారం సౌజన్య ఫోను చేసి, పరుపు మీద కూర్చుంటే తనకూ గొంతు పట్టేస్తోందని, సారు తన చుట్టూ కూడా అయిదు చుట్లు తిప్పుతున్నారని చెప్పింది. ఆ పిల్ల గొంతులో భయం ఉంది. తర్వాత గోడౌను తనదేనేమో అని.

తాడో పేడో తేల్చుకోవాలని అండాలమ్మ ఆ క్షణమే అనుకుంది. ఆషాఢం వెళ్లేదాకా ఆగి, శ్రావణం మొదటి శుక్రవారం గోడౌను తాళం తియ్యకుండా, పది గంటలకు దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగింది. గాజు తలుపు తోసుకుని నేరుగా లోపలికి వెళ్లి, సౌజన్యను పక్కకు జరగమని పరుపు మీద తన చోట్లో కూర్చుంది. సౌజన్య జరిగినంత సంతోషంగా ఈ షాపులో ఇంతవరకు ఎవరూ జరగలేదు.

రామమోహనరావు గారు ధూపపు గిన్నెతో పటం ముందు నుంచి ఇటు తిరిగారు. పొగ వెనక నుంచి ఆమెను చూశారు.

“నువ్వు గోడౌన్లో కదా ఉండాలి,” అన్నారు.

“నా చోటు గిది సార్,” అని అండాలమ్మ పుస్తకం తీసి ఒళ్లో పెట్టుకుంది.

ఆయన గొంతు సవరించుకున్నారు. షాపంతా నిటారుగా నిలబడింది. అండాలమ్మ ఒక గీత పెట్టింది.

“ఏం రాస్తున్నావ్?”

“మీ గొంతు లెక్క సార్.”

తన గొంతుకేం లెక్క అని ఆయన అడిగారు. అడుగుతూనే మళ్లీ సవరించుకున్నారు. అండాలమ్మ ఇంకో గీత పెట్టి, ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించింది. స్ప్రే కొట్టుకుంటూ ఇక్కడ కూర్చున్న శనివారం తనది నలభై నాలుగు, ఆయనది డెబ్బయి ఒకటి. అదే స్ప్రేతో గోడౌన్లో పదో రోజు తనది అయిదు. చీరలు మడతపెడుతున్న చేతులన్నీ ఆగిపోయాయి. టైలరు మిషను తొక్కడం ఆపేశాడు.

“అది జబ్బు కాదు,” అన్నారు రామమోహనరావు గారు, మొహం ఎర్రబడి. “అది నా అలవాటు.”

“మీకొస్తే అలవాటు, నాకొస్తే రోగమెట్ల అయింది సార్?”

ఆయన తండ్రిని అడ్డం తెచ్చుకున్నారు. మా నాన్నగారి రోజుల నుంచీ వేస్తున్న ధూపం, అప్పుడు ఎవరికీ రాని గొంతులు ఇప్పుడెందుకు వస్తాయి అన్నారు.

“మీ నాయిన రోజులల్ల గీ అద్దాల తలుపులు లేవు,” అంది అండాలమ్మ. “నేను ధూపం ఆపమంటలేను. లక్ష్మమ్మకు నేను గూడ మొక్కుత. తలుపులు తెరిచి వెయ్యుండ్రి, లేకుంటె మెట్ల మీద వెయ్యుండ్రి. నన్ను మాత్రం గీ పరుపు మీదికెల్లి లేపకుండ్రి. లేవ.”

అని తనే లేచింది, పరుపు వదలడానికి కాదు. గుమ్మం దగ్గరికి వెళ్లి రెండు గాజు తలుపులూ బార్లా తెరిచి, చీరలు కట్టి నిలబెట్టిన బొమ్మల్ని ఈడ్చుకొచ్చి ఒక్కో తలుపుకు ఒక్కోదాన్ని అడ్డం పెట్టింది. రోడ్డు మీద బస్సుల హారన్లు, వేడిగాలి, కొబ్బరిబోండాల బండివాడి కేక అన్నీ ఒక్కసారి లోపలికి వచ్చాయి. పొగ బయటికి పోయింది.

తలుపు వెయ్యమని రామమోహనరావు గారు వాచ్‌మన్ జానయ్యను పిలిచారు. తలుపు వెయ్యడం, తియ్యడం జానయ్య ఉద్యోగం. పద్నాలుగేళ్లుగా ఒక్కసారి కూడా రెండోసారి పిలిపించుకోలేదు. ఇప్పుడతను ఎదురుగా ఉన్న మెట్రో పిల్లరును, అది నిన్న రాత్రే మొలిచినట్టు, తేరిపార చూస్తూ నిలబడ్డాడు. సౌజన్యను పిలిచారు. సౌజన్య చీర అంచు చూసుకుంటోంది. క్యాషియరు వైపు చూశారు. అతనికి సరిగ్గా అప్పుడే బుగ్గన కరక్కాయ ముక్క సర్దుకోవలసి వచ్చింది. ఆ ముక్క అతనికెందుకో ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు. తొమ్మిది మంది ఉన్న షాపులో ఒక్క మనిషి కూడా తలుపు దగ్గరికి కదల్లేదు.

అప్పుడే నలుగురు ఆడవాళ్లు మెట్లెక్కి వచ్చారు. తలుపులు తెరిచి ఉండడం చూసి పెళ్లిపట్టు ఎటువైపని అడిగారు. కస్టమర్ల ముందు గొంతు పెంచడం ఆయనకు తండ్రి నేర్పని పని. ఇత్తడి గిన్నెను తనే తీసుకెళ్లి బయట మెట్టు మీద పెట్టి వచ్చారు. వచ్చేటప్పటికి అండాలమ్మ పరుపు మీద ఉంది, ఆ నలుగురూ ఆమె ముందు సర్దుకుని కూర్చుంటున్నారు. ఆయన వంగి, మిగతావాళ్లకు వినపడనంత మెల్లగా, ఆ పుస్తకం ఇటివ్వు అన్నారు.

అండాలమ్మ పుస్తకం తిరగేసి, చివరి నుంచి ఉన్న పేజీలు నాలుగు జాగ్రత్తగా చింపి ఆయన చేతిలో పెట్టింది.

“ఇవి మీయి సార్. కొత్తపేటల డాక్టరమ్మకు చూపెట్టుండ్రి, అడుగుతది,” అంది. “నాయి ఇయ్య. మళ్ల ఎన్నడన్న మీకు నన్ను లేపాలనిపిస్తె గవి నాకు కావాలె.”

మిగిలిన పుస్తకం జాకెట్లో దోపుకుని, పెళ్లికూతురు ఎవరమ్మా అని అడుగుతూ పట్టుచీర పెట్టె మూత తీసింది.